పిగిలిపిట్ట పేరులో ఆఫ్రికా

పాటలు, నాటికలు, రాజకీయాలు మన రేడియోలో చాలానే విన్నారు. ఈ వారం ఒక పిట్ట సంగతి వినండి. చిన్న పిట్టే కానీ దాని కథ పెద్దది. పాండిచ్చేరి, పారిస్, ఫిజీ అన్నీ తిరిగి, చివరికి నేనుండే చోటికి కూడా వచ్చింది.

మన ఊళ్లలో పిగిలిపిట్టని ఎరగనివాళ్లు తక్కువ. నల్లటి తల, తలమీద చిన్న కుచ్చు, పొలుసులు పరిచినట్టుండే గోధుమరంగు ఒళ్లు, తోక కింద మొదట్లో ఎర్రటి మచ్చ. జామచెట్టుమీద పండు పండిందని ఇంటివాళ్లకంటే ముందు దీనికే తెలుస్తుంది. హిందీవాళ్లు బుల్‌బుల్ అంటారు. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు పిక్నోనోటస్ కేఫర్. ఆ "కేఫర్" అన్న మాటకి శాస్త్ర లాటిన్‌లో దక్షిణాఫ్రికాకి చెందినది అని అర్థం. తమాషా ఏమిటంటే, ఈ పిట్ట ఆఫ్రికా ఖండంలో సహజంగా ఎక్కడా లేదు. భారత ఉపఖండం, మయన్మార్ వైపు దేశాలు దీని పుట్టిల్లు. మరి జామచెట్టు పిట్టకి ఆఫ్రికా ఇంటిపేరు ఎలా వచ్చింది? ఈ ప్రసంగం దాని గురించే.

ముందు నేనెక్కణ్ణుంచి మాట్లాడుతున్నానో చెప్పాలి. నేను అబుదాబి దగ్గర ఐకాడ్‌లో స్టోర్ కీపర్‌ని. అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ ఉన్న మనవాళ్లకి ఈ పేరు తెలియకపోవచ్చు. ఐకాడ్ అంటే అబుదాబి పారిశ్రామిక నగరం. ముసఫ్ఫాలో 2000ల్లో లేచిన ఫ్యాక్టరీల పేట. ఉక్కు, పైపులు, సిమెంటు, కార్మికుల క్యాంపులు, పొద్దున్నే బారులు తీరే బస్సులు. ఇలాంటి చోట పక్షులేమిటి అంటారేమో. నీళ్లు పెట్టి పెంచిన చెట్లున్నాయి, ఏసీల నుంచి చుక్కచుక్కగా కారే నీళ్లున్నాయి. పిట్టకి అంతకంటే ఏం కావాలి? డ్యూటీ దిగాక క్యాంపు గోడవారన చెట్లలో నాకు రోజూ కనిపించే పిట్టల్లో మన పిగిలిపిట్ట ఒకటి.

పాండిచ్చేరి పిట్ట, పారిస్ చీటీ

పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్ నుంచి తూర్పుకి వచ్చే ఓడలన్నీ ఆఫ్రికా దక్షిణపు కొసన ఉన్న గుడ్‌హోప్ అగ్రాన్ని చుట్టి రావలసిందే. సూయజ్ కాలువ 1869లో గాని తెరుచుకోలేదు. ఓడల్లో మిరియాలు, బట్టలతోబాటు ఎండబెట్టిన పక్షుల తోళ్లు కూడా పోయేవి. ధనవంతులకీ పండితులకీ వాటిని సేకరించడం ఒక సరదా. సరుకు ఎక్కడిదో చీటీ రాసి కట్టేవాళ్లు. దారిలో చీటీలు ఊడిపోయేవి, తారుమారయ్యేవి. ఓడ మజిలీ చేసిన రేవు పేరే సరుకు పుట్టిన ఊరి పేరుగా చలామణీ అయిపోయేది.

ఫ్రాన్స్‌లో బ్రిసన్ అనే పండితుడు 1760లో పక్షులమీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అందులో మన పిగిలిపిట్ట వర్ణన ఉంది. కానీ ఆయన దానికి పెట్టిన ఫ్రెంచి పేరుకి "గుడ్‌హోప్ అగ్రపు కుచ్చుపిట్ట" అనే అర్థం వస్తుంది. ఆరేళ్ల తర్వాత, 1766లో, స్వీడన్‌లో లినేయస్ తన ప్రకృతి వర్గీకరణ గ్రంథం పన్నెండో ముద్రణ తెచ్చాడు. ప్రాణులన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచినవాడాయన. బ్రిసన్ వర్ణించిన పక్షుల్ని రెండువందలకి పైగా ఆ ముద్రణలో చేర్చుకుని పేర్లు పెట్టాడు. మన పిట్టకి కేఫర్ అని పెట్టింది అప్పుడే. లినేయస్ మనదేశం రాలేదు, ఆ అగ్రానికీ వెళ్లలేదు. పుస్తకంలో ఉన్నదాన్ని నమ్మాడు.

ఆ నమూనా పాండిచ్చేరిలో పియర్ పువావ్ర్ అనే ఫ్రెంచి యాత్రికుడు సేకరించినది కావచ్చునని ఇప్పటి పండితుల ఊహ. 1952లో జర్మన్ శాస్త్రజ్ఞుడు స్ట్రెసెమన్ ఈ పిట్టకి మూలస్థానం పాండిచ్చేరి అని ఖరారు చేశాడు. అంటే 1766 నుంచి లెక్కేస్తే 186 ఏళ్లకి పిట్ట సొంతూరు కాగితంమీదికి ఎక్కింది. ఊరు ఎక్కింది గాని పేరు మారలేదు. జంతువులకి పేర్లు పెట్టే అంతర్జాతీయ నియమావళిలో ఒక సూత్రం ఉంది: ముందు పెట్టిన పేరు అర్థంలో పొసగకపోయినా, ఆ కారణం చెప్పి కొట్టివేయడానికి వీల్లేదు.

మరి మనవాళ్ల పేర్లని ఎవరూ పట్టించుకోలేదా అంటే, పట్టించుకున్న దొర ఒకడున్నాడు. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డన్. కొంతకాలం నెల్లూరులో పనిచేశాడు. 1862, 1864 మధ్య వెలువడిన ఆయన భారతదేశపు పక్షుల గ్రంథంలో చాలా పిట్టలకి తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. అవి ఆ పిట్టల్ని చూసి, పట్టి, తెచ్చి ఇచ్చిన మనుషుల నోటిమాటలు. పారిస్ గదిలో కూచుని రాసిన చీటీకీ, నెల్లూరు వేటగాడు చెప్పిన పేరుకీ తేడా అదే.

అసలు ఆఫ్రికావాళ్లు ఎవరు?

పేరు మనదానికి అంటింది సరే, ఆఫ్రికాలో నిజంగా పుట్టిన బుల్‌బుల్‌లు ఏవి? ఉన్నాయి, ఒకటి రెండు కాదు. 1766 నాటి అదే గ్రంథంలో లినేయస్ ఇంకో పిట్టకి కేపెన్సిస్ అని పేరు పెట్టాడు. అది నిజంగానే ఆ అగ్రపు పిట్ట. ఒకే పుస్తకంలో ఇద్దరికి ఆఫ్రికా పేరు. ఒకరు అక్కడివారు, ఒకరు కారు.

ఆఫ్రికా బుల్‌బుల్‌లన్నీ దూరంనుంచి అన్నదమ్ముల్లా ఉంటాయి. గోధుమరంగు ఒళ్లు, ముదురు తల, గలగలమనే గొంతు. వాటిని గుర్తుపట్టాలంటే రెండుచోట్ల చూడాలి: కంటి చుట్టూ, తోక కింద. దక్షిణాఫ్రికాలో కేప్ బుల్‌బుల్‌కి కంటి చుట్టూ తెల్లటి వలయం. అక్కడి పొడి ప్రాంతాల్లో ఉండే ఎర్రకంటి బుల్‌బుల్‌కి ఆ వలయం ఎరుపు, నారింజ కలిసిన రంగు. తూర్పు వైపు తడి నేలల్లో ఉండే నల్లతల బుల్‌బుల్‌కి వలయం ముదురు రంగులో తలలో కలిసిపోతుంది. ఈ మూడింటికీ తోక కింద పసుపే. మన పిట్టకి అక్కడ ఎరుపు. కాబట్టి మన పిగిలిపిట్టని వాటిలో కలిపి పొరబడే పని లేదు. చిక్కంతా వాటిలో వాటికే.

ఉత్తరాన మొరాకో నుంచి పశ్చిమ ఆఫ్రికా దాకా ఉన్నదానికి తోక కింద తెలుపు. సోమాలియా, కెన్యా వైపు దొరికే డాడ్సన్ బుల్‌బుల్‌కి చెవిదగ్గర తెల్లటి మచ్చ, తోక కింద పసుపు. ఎర్రసముద్రం దాటి అరేబియా పడమటి కొండల్లోనూ, ఒమన్‌లో ధోఫార్‌లోనూ, జోర్డాన్, సిరియాల వైపూ ఉండేదానికి తెల్ల కళ్లజోడు పెట్టినట్టుంటుంది. దానికి 1833లో పెట్టిన జాంథోపైగోస్ అనే పేరులో పసుపు అనే అర్థముంది.

ఇవన్నీ కలిసి ఎన్ని జాతులు? ఇక్కడే పండితులకి పేచీ. ఐఓసీ అనే ప్రపంచ పక్షుల జాబితా ఉత్తర, పశ్చిమ ఆఫ్రికాల పిట్టనీ, నల్లతల పిట్టనీ, సోమాలీ పిట్టనీ, డాడ్సన్ పిట్టనీ నాలుగు జాతులుగా లెక్కపెడుతూ వచ్చింది. క్లెమెంట్స్ అనే ఇంకో జాబితా ఆ నాలుగింటినీ సాధారణ బుల్‌బుల్ అనే ఒకే జాతి కింద వేసి, లోపల గుంపులుగా చూపించింది. పిట్ట అదే, చెట్టు అదే. పుస్తకం మారితే నలుగురు ఒకరవుతారు, ఒకరు నలుగురవుతారు. 2025 జూన్‌లో ఈ జాబితాల వాళ్లంతా కూర్చుని ఏవీలిస్ట్ అనే ఉమ్మడి పట్టిక తెచ్చారు. అందులో 11,131 పక్షి జాతులున్నాయి. ఉమ్మడి పట్టిక వచ్చినంత మాత్రాన వాదాలు చల్లారవు గాని, అందరూ ఒకే కాగితం ముందు పెట్టుకుని వాదించుకోవచ్చు.

ఈ పేచీ ఎందుకొస్తుంది? జాతి అంటే ఏమిటన్న దగ్గరే అభిప్రాయభేదం ఉంది. ఎర్నెస్ట్ మేయర్ 1942లో ప్రచారంలోకి తెచ్చిన నిర్వచనం ప్రకారం, తమలో తాము జతకట్టి పిల్లల్ని కనే గుంపు ఒక జాతి. వేరే గుంపుతో సహజంగా కలవనిది వేరే జాతి. వినడానికి తేలికగానే ఉంది. కానీ దక్షిణాఫ్రికా తూర్పు కేప్‌లో పైన చెప్పిన మూడు బుల్‌బుల్‌ల పొలిమేరలూ కలుస్తాయి. ఆ సన్నటి పట్టీలో అవి జతకడతాయి, కలగలుపు రూపాలు పుడతాయి. పట్టీ దాటి కొంచెం పోతే మళ్లీ ఎవరి రూపం వారిదే. కలిశాయి కాబట్టి ఒకటే జాతి అందామా? కలిసినా కరిగిపోలేదు కాబట్టి మూడు అందామా? ఎక్కువమంది మూడనే అంటున్నారు.

1970లో హాల్, మోరో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆఫ్రికా పాటపిట్టల పటాల గ్రంథం తెచ్చారు. దగ్గరి చుట్టాలైన జాతుల్ని ఒకే పటంలో పక్కపక్కన గీసి, ఎవరెక్కడ ఆగారో, ఎవరెక్కడ కలిశారో చూపించారు. జాతులు దేవుడు గీసిన గీతలు కావనీ, ఎండలూ వానలూ అడవులూ మారుతుంటే మెల్లగా విడిపోతున్న కుటుంబాలనీ ఆ పటాలు చూస్తే తెలుస్తుంది. ఉమ్మడి కుటుంబం ఏ రోజున వేరుపడింది అని అడిగితే మన ఇళ్లలో మాత్రం కచ్చితంగా తేదీ చెప్పగలమా?

ఐకాడ్‌లో నారింజ మచ్చ

ఇప్పుడు మా ఊరికి వద్దాం. ఇక్కడ పిగిలిపిట్ట సొంతంగా ఎగిరి వచ్చినది కాదు. పంజరాల్లో వచ్చి, తప్పించుకునో వదిలిపెట్టగానో బయటపడి, ఎమిరేట్స్ తోటల్లో స్థిరపడింది. దాని పక్కనే తెల్లచెవి బుల్‌బుల్ ఉంటుంది. దాని అసలు దేశాలు ఇరాక్, ఇరాన్, సింధు, మన వాయవ్య ప్రాంతాలు. ఇక్కడికి అదీ పంజరం దారినే వచ్చింది. నల్లటి తల, చెంపమీద పెద్ద తెల్ల మచ్చ, తోక కింద పసుపు. ఈ రెండూ వేర్వేరు జాతులన్న విషయంలో పండితులకి ఏ తగవూ లేదు.

కానీ గల్ఫ్ తోటల్లో ఈ రెండూ జతకడుతున్నాయి. పుట్టిన పిల్లలకి చెంపమీద మాసిన తెలుపు, తోక కింద ఎరుపూ కాక పసుపూ కాక నారింజ రంగు. మా క్యాంపు వెనకాల చెట్లలో అలాంటిదొకటి నాకు కనబడింది. ఏ బొమ్మల పుస్తకంలోనూ దానికి వేరే పేజీ ఉండదు, ఎందుకంటే అది జాతి కాదు, సంకరం. ఇలాంటి గందరగోళం పూర్వం కూడా జరిగింది. బర్మాలో మన పిగిలిపిట్టకి రెండు ఉపజాతులు ఉన్నాయని ఒకప్పుడు పుస్తకాలకెక్కాయి. తర్వాత చూస్తే అవి పక్క బుల్‌బుల్‌తో కలిసిన సంకరాలని తేల్చారు.

తూర్పు కేప్‌లో కలయిక ప్రకృతి చేసింది. ఐకాడ్‌లో కలయిక మనిషి చేశాడు. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి గాని, అక్కడి పొలిమేర పట్టీ వేల ఏళ్ల చరిత్ర చెబుతుంది, ఇక్కడి నారింజ మచ్చ పిట్టల వ్యాపారం చరిత్ర చెబుతుంది. చరిత్ర తెలియకుండా రంగు ఒక్కటీ చూసి తీర్పు చెబితే పిట్టకి న్యాయం జరగదు.

పేరులో ఊరు ఉండి చిక్కులు తెచ్చే ఇంకో పిట్ట కూడా ఇక్కడుంది. మన జినువాయిల్లో తెల్లగొంతుది. 1758లో లినేయస్ దానికి మలబారికా అని పేరు పెట్టాడు. అది మలబారులోనే కాదు, మన తెలుగు చేలల్లోనూ ఉంది, ఎమిరేట్స్‌లోనూ ఉంది. దాని ఆఫ్రికా తోబుట్టువు పేరు కాంటన్స్, అంటే పాడేది. చాలాకాలం పుస్తకాలు రెంటినీ ఒకే జాతిలో వేశాయి, ఇప్పుడు రెండంటున్నాయి. గుర్తు నడుము వెనక ఉంది: మనదానికి అక్కడ తెలుపు, ఆఫ్రికాదానికి నలుపు. ఈ పేరు చెబితే మా రూములో అందరూ నవ్వారు. గల్ఫ్‌లో మన తెలుగువాణ్ణి మొదటిసారి చూసినవాడు "మలబారీనా?" అని అడగడం అందరికీ అనుభవమే. కాదంటే "మద్రాసీనా?" అంటాడు. జగిత్యాల అని చెప్పేసరికి బస్సు వచ్చేస్తుంది.

ఓడలెక్కిన పిట్ట

ఇది నవ్వులాట ఒక్కటే కాదని ఫిజీ చరిత్ర చెబుతుంది. చెరుకుతోటల పనికి ఒప్పందం కూలీలుగా మనదేశం నుంచి జనం అక్కడికి పోయారు. మొదట కలకత్తా రేవునుంచి, 1903 నుంచి మద్రాసు రేవునుంచి కూడా. ఆ రెండో దారిలో వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లున్నారు. పిగిలిపిట్ట ఫిజీ చేరింది కూడా 1903 ప్రాంతంలోనే, భారతీయ కూలీలతోబాటు అని పక్షి శాస్త్రజ్ఞులు రాశారు. మద్రాసు ఓడలో మనవాళ్లే తీసుకెళ్లి ఉంటారని అనిపిస్తుంది కదా? కానీ ఫిజీ పిట్టల ఒంటి నలుపూ, పరిమాణమూ చూసి అవి బెంగాల్ ఉపజాతి అని గుర్తించారు. అంటే పిట్ట దారి కలకత్తా దారి. చూశారా, ఉపజాతి అనే చిన్న తేడా కూలీల ఓడల చరిత్రకి ఎలా సాక్ష్యం చెప్పిందో! అన్నీ ఒకటే బుల్‌బుల్ అని ఊరుకుంటే ఈ సాక్ష్యం పోయేది.

మనుషుల సంగతీ అంతే. మద్రాసు రేవులో ఎక్కినవాళ్లందరికీ ఫిజీలో "మద్రాసీ" అనే ఒకే చీటీ పడింది. 1926లో దక్షిణాదివాళ్లంతా కలిసి ఒక సంగం పెట్టుకున్నారు. 1941లో మన తెలుగువాళ్లు తమ భాషా తమ పేరూ నిలవాలని వేరుగా ఆంధ్ర సంగం స్థాపించుకున్నారు. కలిసి ఉండటంలో బలం ఉంది, విడిగా పేరు ఉండటంలో గుర్తింపు ఉంది. పక్షిశాస్త్రంలో కలిపేవాళ్లకీ విడదీసేవాళ్లకీ జరిగే తగవు, విదేశాల్లో సంఘాలు నడిపే మనకి కొత్తేమీ కాదు.

ఫిజీతో ఆగలేదు. టోంగా, సమోవా, 1960ల్లో హవాయి, తర్వాత తాహితి, న్యూ కేలడోనియా. అమెరికాలో హ్యూస్టన్‌లోనూ ఉంది. పండ్లతోటలకి చేటు, కలుపు గింజల్ని పెంటలో చల్లుతుంది, స్థానిక పిట్టల్ని తరుముతుంది అని 2000లో ప్రకటించిన నూరు చెడ్డ చొరబాటు ప్రాణుల అంతర్జాతీయ పట్టికలో దీన్ని చేర్చారు. న్యూజీలాండ్‌లో 2013లో ఆక్లండ్‌లో కనిపించినప్పుడు, ఆచూకీ చెప్పి పట్టించినవారికి 500 డాలర్ల బహుమానం ప్రకటించారు. మన పెరటి పిట్టమీద తలవెల! కష్టంగానే ఉంటుంది వినడానికి. కానీ ఆ దీవుల పిట్టల వైపునుంచి కూడా ఆలోచించాలి. నేరం పిట్టది కాదు, పంజరం తలుపు తీసిన చేతిది.

అందుకే ఒక మాట. పండగపూట పంజరం కొని పిట్టని వదిలిపెడితే పుణ్యం అనే నమ్మకం మనలో ఉంది. దాని సొంత దేశం కానిచోట అలా వదిలితే పుణ్యం కాదు, ఉపద్రవం. మనదేశంలోనైతే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఈ పిట్టని పట్టడమూ అమ్మడమూ కూడా నేరమే.

పేరు మారుతుందా?

కేఫర్ అనే పేరుకి ఇంకో మచ్చ ఉంది. అరబ్బీ మాటలోంచి పుట్టి, ఓడవాళ్ల నోళ్లలో నలిగి, ఆ మాట దక్షిణాఫ్రికాలో నల్లవారిని అవమానించే పచ్చి తిట్టుగా మారింది. 2024 జులైలో మాడ్రిడ్ వృక్షశాస్త్ర మహాసభ, ఈ మూలం నుంచి వచ్చిన మొక్కల పేర్లని, రెండువందలకి పైగా, ఒక్క అక్షరం తీసేసి ఆఫ్రికా అనే అర్థం వచ్చేలా మార్చాలని ఓటు వేసింది. జంతువుల పేర్ల కమిషన్ మాత్రం, అర్థం బాగాలేదని పాత పేర్లు మార్చుకుంటూపోతే స్థిరత్వం ఉండదని 2023లోనే తన వైఖరి చెప్పింది. కాబట్టి మన పిట్ట ఇంకా కేఫరే.

రెండు వాదాల్లోనూ పస ఉంది. ఇన్ని దేశాల పుస్తకాలు, మ్యూజియం చీటీలు ఒకే పేరుమీద నడుస్తున్నప్పుడు దాన్ని కదిపితే వెతుక్కోవడం కష్టం. మరోవైపు, తనది కాని దేశం పేరునీ, ఇంకొకరికి తిట్టయిన మాటనీ ఆ పిట్ట మోస్తోంది. నాకైతే ఒకటనిపిస్తుంది. శాస్త్రం పేరు శాస్త్రజ్ఞులు చూసుకుంటారు. ఇంటిపేరు నిలబెట్టడం మన చేతిలో ఉంది. హ్యూస్టన్‌లో గాని, ఆక్లండ్‌లో గాని, దుబాయిలో గాని మీ పిల్లలు ఈ పిట్టని చూపిస్తే, ఇంగ్లీషు పేరుతోబాటు పిగిలిపిట్ట అని కూడా చెప్పండి. తోక కింద ఎరుపా, పసుపా, నారింజా చూడమనండి. కంటి చుట్టూ వలయం ఏ రంగో చూడమనండి. నువ్వెక్కడి దానివి అని పేరునిబట్టి కాక, పిట్టని చూసి తెలుసుకోవడం నేర్పండి. సెలవు.